డ్రైవర్ వైపు అద్దం

అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో పైన్ చెట్ల పుప్పొడి రాలే రోజులవి. పార్కింగ్‌లో కార్లన్నీ పసుపు పూసుకుని కూర్చుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా రూమ్మేట్ కార్‌కి డ్రైవర్ వైపు అద్దం టక్కుమని డోర్ లోపలికి జారిపోయింది. బటన్ నొక్కితే మోటార్ గుర్రుమంటుంది తప్ప అద్దం పైకి రాదు. తను ఒక చెత్త కవర్ చింపి, టేప్ వేసి అంటించింది. నేను చూసి కూడా ఏమైందని అడగలేదు. అప్పటికి మేమిద్దరం మాట్లాడుకోవడం దాదాపు మానేశాం.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఇక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో నాకు వచ్చింది, తనకి రాలేదు. ఇద్దరికీ అదే ఆఖరి ఛాన్స్. మాస్టర్స్ మొదటి సెమిస్టర్ నుంచి ఒకే వంటగదిలో పోట్లాడుకున్నవాళ్ళం, ఒకే కార్‌లో ఆఫీసులకి వెళ్ళినవాళ్ళం. రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచి నేను పొద్దున్నే మీటింగ్ ఉందని చెప్పి వేరేవాళ్ళ కార్‌లో వెళ్ళడం మొదలుపెట్టాను. మీటింగూ లేదు, పాడూ లేదు. నా మొహంలో సంతోషం తనకి కనిపిస్తుందేమోనని భయం. తను చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే ఓపీటీ గడువు అయ్యేదాకా ఆగకుండా ఇండియాకి వెళ్ళిపోవాలని నిర్ణయించుకుని, కార్‌ని అమ్మకానికి పెట్టింది.

శనివారం సాయంత్రం ఎవరో భార్యాభర్తలు కార్ చూడటానికి వస్తామన్నారు. అద్దం పనిచేస్తేనే తీసుకుంటామని ముందే చెప్పారు. ఆ పొద్దున తను నా గది తలుపు కొట్టింది.

"నీకు పనేమన్న ఉన్నదా? జర ఒక చెయ్యి గావాలె" అంది.

తనది కరీంనగర్, మాది గుంటూరు. ఇన్నేళ్ళలో నాకు పనుందా అని తను అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ "లేవే" అనేది, అంతే. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండింది. మండినా చెప్పులేసుకుని వెళ్ళాను.

కావలసిన భాగాన్ని తను అప్పటికే తెప్పించి పెట్టింది. ఫోన్‌లో వీడియో పెట్టి డాష్‌బోర్డు మీద నిలబెట్టింది. చాలా తేలిక పని అన్నాడు అందులోని మనిషి. వీడియోల్లో అందరూ అదే అంటారు. హ్యాండిల్ వెనక స్క్రూ, చెయ్యి ఆనించుకునే చోట ఇంకో స్క్రూ తీసి, అంచు పట్టుకుని లాగితే క్లిప్పులు టపటపా ఊడి డోర్ లోపలి ప్యానెల్ చేతికొచ్చింది. స్విచ్చుల ప్లగ్గు పీకాం. లోపల అద్దాన్ని పైకీ కిందికీ నడిపే ఇనప చట్రం, తీగ తెగి వేలాడుతోంది. దాన్ని తీసి కొత్తది బిగించేదాకా అద్దాన్ని పైకెత్తి డోర్ ఫ్రేమ్‌కి టేప్ వేసి ఉంచమన్నాడు. టేప్ అంటుకుంటేగా! తుడిచినకొద్దీ పుప్పొడి మళ్ళీ వచ్చి దిగుతోంది.

"పట్టుకో" అంది తను.

తెరిచిన డోర్‌కి బయటివైపు నిలబడి, రెండు అరచేతుల మధ్య అద్దాన్ని నొక్కిపట్టాను. వదిలితే లోపల పడి ముక్కలవుతుంది. తను లోపలివైపు బోర్లించిన బకెట్ మీద కూర్చుని బోల్టులు తిప్పుతోంది. మొహం కనపడటం లేదు, గొంతే వినిపిస్తోంది.

"నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

"నీకు గూడ వీసా రావొద్దని మొక్కిన."

"ఏంటీ?"

"నాకెట్లాగు రాదని ముందే అనిపించింది. ఇద్దరికి రాకపోతె కలిసి పోవచ్చు గదా అనుకున్న. ఒక్కదానికి పోబుద్ధి కాలే."

నాకు కోపం నెత్తికెక్కింది. తను బాధపడుతుందని నేను నా సంతోషాన్ని దాచుకుని ఇంట్లో దొంగలా తిరుగుతుంటే, ఈవిడగారు నా కొంప ముంచమని దేవుడికి దణ్ణాలు పెట్టుకుందట. చేతులు ఖాళీగా ఉంటే విసవిసా వెళ్ళిపోయేదాన్నే. కానీ అద్దం వదలకూడదు. అది పగిలితే సాయంత్రం కార్ అమ్ముడుపోదు. అందుకని ఆ మాట విన్నచోటే నిలబడాల్సి వచ్చింది. కాసేపు నిలబడేసరికి తను ఆఖర్న అన్న మాట అప్పుడు చెవికెక్కింది. ఒక్కదానికి వెళ్ళబుద్ధి కాలేదట.

"నీకు మొక్కడం కూడా చేతకాదే" అన్నాను. "నాకు రావొద్దని మొక్కే బదులు నీకు రావాలని మొక్కొచ్చుగా?"

"గది గూడ మొక్కిన. రెండిట్ల ఒక్కటి గూడ కాలే."

నాకు నవ్వాగలేదు. చేతుల్లో అద్దం ఊగింది.

"నవ్వకే, పగుల్తది!" అని అరిచింది తను. అరిచి తనూ నవ్వింది.

చట్రం బిగించి, అద్దాన్ని దానిమీద కూర్చోబెట్టి, ప్యానెల్ పై అంచు తగిలించి, పిడికిళ్ళతో గుద్ది క్లిప్పులన్నీ ఎక్కించాం. స్క్రూలు కూడా అయ్యాయి. తీరా చూస్తే స్విచ్చుల ప్లగ్గు లోపలే ఉండిపోయింది. బయటికి లాగాల్సింది నువ్వంటే నువ్వని వాదులాడుకుంటూ మొత్తం మళ్ళీ పీకాం. రెండోసారి బిగించాక ఒక క్లిప్పు మిగిలింది. అది ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు. బటన్ నొక్కితే మాత్రం అద్దం బుద్ధిగా పైకొచ్చింది.

సాయంత్రం వాళ్ళిద్దరూ వచ్చి, అద్దాన్ని దించి, ఎత్తి చూసుకుని కార్ తీసుకెళ్ళారు. మెట్లెక్కుతూ తను ముక్కు చీదుకుంది. పుప్పొడికే అంది. అవునన్నాను. నా కళ్ళూ మండుతున్నాయి.

తను వెళ్ళిపోయి చాలా రోజులైంది. లాటరీ వచ్చినప్పుడు ఆఫీసులోనూ ఫోన్లలోనూ అందరూ నాకు కంగ్రాట్స్ చెప్పారు. రావొద్దని మొక్కానని చెప్పింది తనొక్కతే. ఇప్పటికీ మంచైనా చెడైనా ముందు తనకే చెప్పాలనిపిస్తుంది.