కొండ కాలేజీ, సముద్రం కాలేజీ

మా నాన్న బకెట్ కొనాలన్నా రెండు కొట్లు తిరిగేవారు. రెండు చోట్లా అదే బకెట్, అదే రంగు ఉన్నా సరే, మళ్ళీ మొదటి కొట్టుకి వెళ్ళి పిడి లాగి చూసి, అప్పుడు కొనేవారు. అలాంటి మనిషికి కూతురి కోసం రెండు కాలేజీల్లో ఒకదాన్ని ఎంచే పని పడింది. పైగా ఆ రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

నేను కువైట్‌లోనే ఇండియన్ స్కూల్లో ప్లస్ టూ పాసయ్యాను. ఇంజనీరింగూ వద్దు, మెడిసినూ వద్దు, సాహిత్యం, చరిత్ర చదువుకుంటానని మొండికేశాను. "బి.ఏ. చదవడానికి కూడా హాస్టలా?" అని అమలాపురంలో మావాళ్ళు నవ్వుకున్నారట. నవ్వుకోనిమ్మన్నాను. రెండు చోట్ల సీటొచ్చింది. రెండూ ఆడపిల్లల కాలేజీలే, రెండూ చిన్నవే. క్లాసుకి ఇరవై మంది, నచ్చిన సబ్జెక్టులు కలిపి చదువుకునే వీలు, సాయంత్రాలు నాటకాల రిహార్సళ్ళు, ఆదివారం తోటపని. ఒకటి కొండల్లో ఉంది, ఇంకోటి సముద్రం ఒడ్డున ఉంది. అంతే తేడా. రెండు బ్రోషర్ల మీదా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని గడ్డిలో కూర్చున్న అమ్మాయి ఫోటోయే. అటూ ఇటూ కూర్చున్నది ఒక్కర్తేనని నాకు ఇప్పటికీ అనుమానం. ఇంట్లో మేం వాటి అసలు పేర్లు వదిలేసి కొండ కాలేజీ, సముద్రం కాలేజీ అనేవాళ్ళం.

మాలాంటి గల్ఫ్ పిల్లలకి ఆగస్టు నెలాఖరు దాకా గడువిచ్చారు. నాన్న సులైబియాలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. జూలైలో సెలవు పెట్టి, "నేను వెళ్ళి రెండూ చూసొస్తానమ్మా. కుళాయి తిప్పి చూస్తేగానీ హాస్టల్ సంగతి తెలీదు" అని, జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇండియా విమానం ఎక్కారు. ఆగస్టు మొదటి వారంలో తిరుగు టికెట్టు. నాన్న రావలసిన వారంలో ఇరాక్ సైన్యం వచ్చింది.

ఆ గురువారం తెల్లవారుతుండగా చప్పుళ్ళు వినబడితే, ఉరుములనుకుని అమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి బాల్కనీలోకి పరిగెత్తింది. పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఉంటున్న మనిషి! ఆగస్టులో అక్కడ ఉరుములేమిటని నేను నవ్వుతుంటే, కింద రోడ్డు మీద టాంకులు కనబడ్డాయి. అమ్మ బట్టలన్నీ గుండెలకి హత్తుకుని లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. ఆ పూట నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అయ్యో, నా సీటు పోతుందేమో అనుకున్నాను.

నెల తిరక్కుండా ఎవరో ఒకరు వెళ్ళి అవునని చెప్పకపోతే సీటు నిజంగానే పోతుంది. చెప్పాల్సిన నాన్న అక్కడున్నారు. చదవాల్సిన నేను ఇక్కడున్నాను. దేశం బయటికి ఫోన్లు లేవు, పోస్టు లేదు. చూసినాయనకి నాకేది కావాలో తెలీదు, నాకేమో ఆయన చూసింది ఏదీ తెలీదు.

కువైట్ సిటీలో మాది పాత బిల్డింగు. పైన కడప నుంచి వచ్చిన టైలర్ గారు, ఆయన భార్య ఉండేవారు. కింద రాయచోటి డ్రైవర్ ఉండేవాడు, అందరం భాయ్ అనేవాళ్ళం. రెండో వారంలో మా ఫ్లాట్‌లోకి ఇంకో మనిషి వచ్చి చేరింది. రాజోలు దగ్గరి పల్లెటూరు ఆవిడది, ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అనేది. మామా కుటుంబమంతా కార్లెక్కి సౌదీ వెళ్ళిపోతే, ఈవిడ ఒక సంచీలో బట్టలు, ఇంకో సంచీలో మామా ఇచ్చిన బియ్యం పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను పాపగారూ అనేది, నేనెంత వద్దన్నా మానలేదు.

బయట తిరగడానికి లేదు. రొట్టెల క్యూలో నిలబడి రావడం, తలుపేసుకుని కూర్చోవడం, అంతే. రేడియో వార్తలు కాసేపు విని కట్టేసేవాళ్ళం. అప్పుడు ఎవరో ఒకరు, "అయితే పాపా, కొండా, సముద్రమా?" అనేవారు. ఇక చూడాలి! బిల్డింగు రెండుగా చీలిపోయేది. జీవితంలో కాలేజీ గడప తొక్కని మనుషులు బ్రోషర్లు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలు లెక్కపెట్టి మరీ వాదించేవారు. అరుపులు విని వీధిలోని సైనికులు పైకి చూస్తే అందరం గప్‌చుప్‌గా కూర్చుని, వాళ్ళు ముందుకి నడవగానే మళ్ళీ మొదలెట్టేవాళ్ళం. ఆ రోజుల్లో మేం నవ్వినంత మామూలు రోజుల్లో ఎప్పుడూ నవ్వలేదు.

గల్ఫ్‌లో ఎవరు ఊరికి వెళ్తున్నా వాళ్ళ చేతికి ఉత్తరాలిచ్చి పంపడం మా అందరికీ అలవాటు. ఇండియా వాళ్ళని బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా వెళ్ళనిస్తున్నారని తెలిశాక, మొదట టైలర్ గారి దంపతులు బయల్దేరారు. నేను నాలుగు పేజీల ఉత్తరం రాసి తెచ్చాను. డ్రైవర్ భాయ్ చూసి తల పట్టుకున్నాడు.

"ఇంత కత రాసినావేందమ్మా? పేరు రాయొద్దు, తేదీ రాయొద్దు, ఈడ జరిగేది ఏదీ రాయొద్దు. చెక్‌పోస్టులో దొరికినాదంటే ఖలాస్, ఆళ్ళ బస్సు ఆడనే నిలబెడతారు."

నాలుగు పేజీలూ చింపేసి చిన్న చీటీ రాశాను. 'నాన్నా, మేం బాగున్నాం. కొండ.' అంతే. కొండ ఎందుకంటే, ఆ వారమే మా ఏసీ చచ్చిపోయింది. బాగుచేసే మనిషి ఎటు వెళ్ళాడో తెలీదు. చెమటలు కక్కుతూ నేల మీద దొర్లే మనిషిని అడిగితే ఎవరైనా కొండే అంటారు. నా చదువుని ఏసీ నిర్ణయించింది.

వారం తర్వాత అక్కకి బస్సు దొరికింది. బయల్దేరే ముందు నా దగ్గర కూర్చుని మెల్లగా చెప్పింది. "కొండల మీద జలగలుంటాయండి పాపగారూ. కాలికట్టుకుంటే వదలవండి బాబూ. సముద్రవైతే మనకలవాటే కదండీ." మా అక్క కొండని సినిమాల్లో తప్ప చూడలేదు. అయినా నేను జడుసుకున్నాను. అంతకుముందు వెళ్ళిన చీటీ నాన్నకి అంది ఉంటుందో లేదో, ఇది అందితే ఇదే ఖాయమవుతుందిలే అనుకుని, 'నాన్నా, మేం బాగున్నాం. సముద్రం' అని రాసిచ్చాను. అక్క దాన్ని జాకెట్టులో దోపుకుని, నన్ను పట్టుకుని బావురుమంది. నేనూ ఏడ్చాను. జలగల కోసం కాదు.

మూడోది నా పొగరు. డ్రైవర్ భాయ్ వెళ్ళే రోజు అమ్మ టీ పోస్తూ, "సముద్రమే నయమే. కొండ మీద నీ జలుబు జన్మలో తగ్గదు. నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నాను" అంది. మొదట్నించీ అనుకుంటూ ఉందట! నా కాలేజీ నేను ఎంచుకుంటానా, నా జలుబు ఎంచుతుందా? లోపలికెళ్ళి విసురుగా 'నాన్నా, మేం బాగున్నాం. కొండ' అని రాసి భాయ్ చేతిలో పెట్టాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఖాళీ బిల్డింగులో ఇద్దరమే ఉన్నాం, ఆ ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు రొట్టెల క్యూలో ఎండదెబ్బకి నాకు కళ్ళు తిరిగితే, అమ్మే నన్ను పట్టుకుని, "కొండకే వెళ్ళవే తల్లీ, ముందు ప్రాణాలతో ఉండు" అంది.

గడువు తేదీ అలా కళ్ళ ముందే దాటిపోయింది. ఆ సాయంత్రం నేను బ్రోషర్లు రెండూ మడిచి పెట్టెలో అడుగున పడేశాను. ఎవరితోనూ అనలేదు గానీ, అయిపోయింది, ఇంకేం కాలేజీ అనుకున్నాను.

సెప్టెంబరులో మా వంతు వచ్చింది. బస్సు, ఎడారి, సరిహద్దులో గుడారాలు, నీళ్ళ ట్యాంకర్ దగ్గర తోపులాట. అమ్మ ఆ తోపులాటలో కూడా నా తలకి తువ్వాలు చుట్టడం మానలేదు. అమ్మాన్ నుంచి విమానం మమ్మల్ని మధ్యాహ్నానికి బొంబాయిలో దించింది.

నాన్న అక్కడే ఉన్నారు. మేమొచ్చే విమానం ఏదో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఐదు రోజులుగా వచ్చిన ప్రతి విమానానికీ వచ్చి నిలబడ్డారట. గడ్డం పెరిగిపోయింది, చొక్కా వదులైపోయింది. అమ్మ చేతిలోని సంచీ అందుకున్నారు. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "చెప్పులేవమ్మా?" అన్నారు. అవి గుడారాల దగ్గరే తెగిపోయాయి. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

రైలు కోసం కూర్చున్నప్పుడు జేబులోంచి నా మూడు చీటీలూ తీశారు. మొదట వెళ్ళిన టైలర్ గారు సరిహద్దులో చిక్కుకుపోవడంతో ఆ చీటీ అన్నిటికన్నా ఆఖర్న అందిందట. అక్క మాత్రం నాన్న ఊళ్ళో లేనప్పుడు స్వయంగా అమలాపురం వచ్చి చీటీ ఇచ్చి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి వెళ్ళిందట. చీటీ వచ్చిన ప్రతిసారీ నాన్న అది తెచ్చినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళారు. రాజోలు వెళ్ళారు, రాయచోటి వెళ్ళారు, కడప వెళ్ళారు. మా పాప ఇది మీ చేతికి ఏ రోజు ఇచ్చిందని అడిగారు.

"ఏది ఆఖరిదో తెలుసుకుందామనా?" అన్నాను. నా తిక్కవేషాలకి ఆయన అంత తిరిగారని తల దించుకున్నాను.

"కాదమ్మా. తేదీ లేదుగా. ఏ రోజు దాకా బాగున్నారో తెలుసుకుందామని." అని చీటీలు మళ్ళీ జాగ్రత్తగా మడిచారు.

నేను, "రెండూ పోయాయా నాన్నా?" అని అడిగాను.

"ఎందుకు పోతాయి? రెండూ ఉన్నాయి" అన్నారు.

సోమవారం కొండ కాలేజీకి, గురువారం సముద్రం కాలేజీకి వెళ్ళేవారట. మధ్యలో రైలు, బస్సు, మళ్ళీ రైలు. రెండు చోట్లా గుమస్తాకి ఒకటే మాట, వచ్చే వారం మా అమ్మాయి వస్తోందండి అని. గడువు దాటినా వెళ్ళారు. ఆయన్ని చూడగానే గుమస్తాలు కుర్చీ వేసి, అడక్కుండానే రిజిస్టరు తెరిచి చూపించేవారట. అందులో నా పేరు ఉందో లేదో చూసుకుని వచ్చేసేవారు.

"ఒకటి వదిలేస్తే సరిపోయేది కదండీ? ఈ తిరుగుడంతా ఎందుకు?" అంది అమ్మ.

"వదలబుద్ధి కాలేదే" అన్నారు నాన్న. "ఒక చోట వద్దని చెప్తే, పిల్ల రాదని నా నోటితో నేనే చెప్పినట్టు ఉంటుందనిపించింది."

రెండూ కళ్ళారా చూసిన మనిషి కదా అని, మీకు ఏది బాగుందో చెప్పండన్నాను. నోట్‌బుక్ తీస్తారనుకున్నాను, కుళాయిల గురించి, కిటికీల గురించి చెబుతారనుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "జూలైలో చూసినవేవీ గుర్తు లేవమ్మా. నాకు రెండూ ఒకటే" అన్నారు.

బకెట్ పిడి లాగి చూసే మనిషి అన్న మాట అది! అమ్మ వైపు చూశాను. అమ్మ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, తనకేం పట్టనట్టు రైళ్ళ బోర్డు చదువుతోంది. "సముద్రం" అన్నాను. అమ్మ బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండానే నవ్వింది. తర్వాత మూడేళ్ళు అక్కడే చదివాను, హాయిగా చదివాను. జలుబు అక్కడా తగ్గలేదు.

అయితే ముందు కొండ కాలేజీకి వెళ్ళి సీటు వదులుకుంటున్నామని చెప్పాలి. ఉత్తరం రాస్తే చాలదా అంటే నాన్న ఒప్పుకోలేదు. ఇన్ని వారాలు నిలిపి ఉంచినవాళ్ళకి మొహం చూపించి చెప్పాలన్నారు. ఇద్దరం వెళ్ళాం. గుమస్తా నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "నువ్వేనా అమ్మా!" అని, పక్క గదిలో టైపు కొడుతున్నావిడని కూడా పిలిచి చూపించాడు. టీ తెప్పించాడు. సముద్రం కాలేజీకి వెళ్తానంటే కోప్పడలేదు సరికదా, అక్కడ చేపల కూర బాగుంటుందటమ్మా అన్నాడు. తర్వాత రిజిస్టరు తెరిచి, నా పేరు మీద స్కేలు పెట్టి, కలం మూత తీశాడు.

నేను నాన్న పక్కనే, ఆయన మోచెయ్యి నాకు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. అయినా కలం కాగితం మీద ఆనేసరికి ఆయన చూడలేక చటుక్కున వరండాలోకి వెళ్ళిపోయారు. నేను గీత పూర్తయ్యేదాకా ఉండి, గుమస్తాకి దణ్ణం పెట్టి బయటికొచ్చాను. నాన్న స్తంభం వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"నాన్నా, ఇక్కడున్నాను" అన్నాను.

"తెలుసమ్మా, తెలుసు" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. బస్సు వచ్చేదాకా వదల్లేదు.