లేబుల్ లేని నూనె

పొదుపు అనే మాట వింటే ఇప్పుడు నాకు ఒక నూనె క్యాను గుర్తొస్తుంది. రాయి నాన్నా, నవ్వకుండా రాయి. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పొదుపు గురించి పాఠం చెప్పినదాన్నే నేను. సబ్బు అరిగిపోతే ఆ పలుకును కొత్త సబ్బుకు అతికించేదాన్ని. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తెరతో కోసి లోపల గీకేదాన్ని. మీ తాత అది చూసి మొహం అటు తిప్పుకునేవాడు. ఇవన్నీ చెప్పుకుంటే గొప్పగానే ఉంటాయి. కిందటేడు క్రిస్మస్‌కు నేను చేసిన పొదుపు మాత్రం తలుచుకుంటేనే రోత. నా చేత్తో రాస్తే మధ్యలో ఆపేస్తానని నీతో రాయిస్తున్నా.

ముందు పక్కింటి అక్క సంగతి చెప్పాలి. నంద్యాలలో మేం ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి గోడకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను. వాళ్లది రుద్రవరం వైపు తరాల నుంచి సేద్యం ఉన్న కుటుంబం. మొగుడు పోయాక ఆమె మాంసం మానేసింది. నీసు వాసన తగిలితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నన్ను టీచరమ్మా అంటుంది, నేను అక్కా అంటాను. గోడ మీద మోచేతులు ఆనించి పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా మాట్లాడుకునేవాళ్లం. అయినా మా ఇంట్లో వండింది తినేది కాదు.

అది ఆమె ఒక్కదాని పద్ధతేం కాదు. క్రిస్మస్ వస్తే మా వాళ్లు చుట్టుపక్కల హిందువుల ఇళ్లకు పండ్లే ఇస్తారు, వండినవి ఇవ్వరు. అరటిపండుకు తొక్క ఉంటుంది కదా, లోపలిదానికి మా చేయి తగలదు. ఈ మాట పైకి ఎవరూ అనరు. ఇచ్చేవాళ్లకూ తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు. పన్నెండేళ్లు ఆమెకు డజను అరటిపండ్లు ఇచ్చాను. పన్నెండేళ్లూ ఆమె నవ్వుతూ తీసుకుంది. ఇంట్లోకొచ్చి నేను గిన్నెలు కాస్త గట్టిగా తోమేదాన్ని.

అది మారింది ఆళ్లగడ్డలో, నూనె మిల్లు దగ్గర. ఆళ్లగడ్డ పక్కన మాకు ఎకరంన్నర ఉంది, కౌలుకిచ్చాం. కౌలు డబ్బుతో పాటు ఏటా ఒక మూట వేరుశనగ కాయలు వస్తాయి. మా దగ్గర వాటిని బుడ్డలంటాం. వాటిని ఒలిపించి, అక్కడే మిల్లులో ఆడించి, ఏడాదికి సరిపడా నూనె తెచ్చుకునేవాళ్లం. మిల్లుకు పోయినవాళ్లు మన గింజలు పోసినప్పటి నుంచి నూనె మన క్యానులోకి దిగేదాకా అక్కడి నుంచి కదలకూడదు. టీ తాగడానికని లేచామా, ఎవరి గింజల నూనె ఎవరి క్యానులో పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఒక ఏడు అక్కకు ఆళ్లగడ్డలో ఏదో పెళ్లి ఉండి నాతో పాటు బస్సెక్కింది. పెళ్లి ముగించుకుని వచ్చి, మిల్లులో నా పక్కన బల్ల మీద కూర్చుంది. గోరువెచ్చగా దిగుతున్న నూనెలో వేలు ముంచి నాకి చూసింది. ఆ డిసెంబరులో నేను పండ్ల సంచి తీసుకుపోతే గోడ దగ్గరే ఆపింది.

"పండ్లు వద్దులే టీచరమ్మా. ఆ నూనె నా కండ్ల ముందర దిగినదే గదా. కర్జికాయలు చేస్తే నాలుగు పంపు."

నేను పొంగిపోయాను. అంతగా పొంగిపోయినందుకు ఇప్పుడు నా మీద నాకే కొంచెం అసహ్యంగా ఉంటుంది, కానీ పొంగిపోయిన మాట నిజం. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఇంటికి ఒక పళ్లెం పోయేది. చర్చిలో ఎవరు ఏ చీర కట్టారో నాకు పట్టేది కాదు. ఆ పళ్లెం గోడ దాటితే నాకు పండగైనట్టు.

కిందటేడు బుడ్డలకు మంచి ధర వచ్చింది. ఆళ్లగడ్డలో ఉండే మా తోడికోడలు ఫోన్ చేసింది. ఆమె ముందు నేనెంత. వాడిన టీ పొడిని ఎండబెట్టి మళ్లీ మరిగించే మనిషి. ఒలిపించే కూలి, మిల్లు కూలి, బస్సు చార్జీ అన్నీ ఏకరువు పెట్టి, కాయలు అమ్మేసి నూనె కొనుక్కోవడమే తెలివైన పని అని తేల్చింది. ఆమెకు తెలిసినవాడొకడు బండి మీద క్యాన్లు తెచ్చి ఇస్తాడట, అంగడి ధరలో సగానికి. నేను కొంచెం నసిగాను.

"లేబుల్ ఉండదు అంతే అక్కా. లోపల అదే నూనె," అంది.

అమ్మేశాను. క్యాను వచ్చింది. మూత తీయగానే నూనె రంగు కాస్త ముదురుగా ఉంది, చెప్పొద్దూ, వాసనా తేడాగానే ఉంది. బాణలిలో పోసి కాగబెడితే సబ్బు నీళ్లలా నురగ పొంగింది. తెలియదని ఎట్లా అంటాను. యాభై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడినదాన్ని. చింతపండు ఉండ వేసి మరిగించాను, వాసన విరుగుతుందని. కొబ్బరి, బెల్లం, బుడ్డల పొడిలో యాలకులు మామూలు కంటే రెండింతలు దంచి పోశాను. వాసనను చంపడానికి ఎన్ని తంటాలు పడ్డానో చూడు, ఆ నూనె పారబోయడం ఒక్కటి తప్ప. చేసినవాటిలో ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. షుగరుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పండగ ముందు రోజు పొద్దున ఎనిమిది కర్జికాయలు పళ్లెంలో పెట్టి గోడ మీద నుంచి అందించాను. ఈ ఏడు మిల్లుకు ఎప్పుడు పోయానని, తనకు చెప్పనేలేదని అక్క అడిగింది. పోయిన నెలలో పోయొచ్చానన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, తడుముకోలేదు కూడా.

మధ్యాహ్నం మిగతా పిండి కోసం క్యాను బోర్లించాను. అడుగున ఉన్న మడ్డి ముద్దగా బాణలిలోకి జారింది. నల్లగా, జిగటగా, కాలిపోయిన ఉల్లిపాయ ముక్కలతో. గరిటెతో కదిపితే అందులో ఏదో తళుక్కుమంది. వేళ్లతో తీసి చూశాను. చేప పొలుసు. తోడికోడలికి ఫోన్ చేశాను. ఆమె కొంచెం కూడా తడబడలేదు. హోటళ్లలో, చేపలు వేయించే బండ్ల దగ్గర వాడి పారేసే నూనెను తెచ్చి, కాచి, గుడ్డలో వడగడతారట. ఆ మాత్రం ఊరంతా తెలిసిందేనట, కాగిన దాంట్లో ఏముంటుందని నన్నే ఎదురడిగింది. ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కోకుండానే పక్కింటికి పరుగెత్తాను.

అక్క వరండాలో కూర్చుని ఉంది. పళ్లెం పక్కనే ఉంది. ఆరు ఉన్నాయి.

"తినొద్దక్కా," అన్నాను.

"తిన్యా. రెండు."

"వాసన రాలేదా?"

"వచ్చె. కొరకంగనే వచ్చె. చేపలు చేసిన బాండ్లిలో చేసినట్టుండావులే అనుకున్యా. మీరు తినే ఇల్లు గదా, ఒగోసారి అట్లా అయితాది."

"మరి ఎందుకు తిన్నావు, ఊసేయకుండా?"

ఆమె నా వైపు చూడకుండా పళ్లెం అంచు తుడిచింది.

"పారేస్తే నువ్వు కసువు బుట్టలో చూస్తావ్. మళ్లా పండ్ల కాడికే పోతావ్."

నాకు ఆ నూనె వాసన అప్పుడు ఒంటి నిండా తగిలింది. నీసు ముట్టని మనిషి, నా మనసు విరగ్గొట్టకూడదని, నా ఇంటి నీసు అనుకుని రెండు కాయలు మింగింది. నేనేమో కాసిన్ని రూపాయలు మిగిలాయని మురిసిపోయాను. చెప్పకుండా ఉండిపోవచ్చు. బాణలి తప్పేనని అంటే అంతటితో పోయేది. కానీ నిలబడలేక అరుగు మీద కూలబడి మొత్తం చెప్పాను. బుడ్డలు అమ్మింది, క్యాను, బండ్ల నూనె, చింతపండు, పొలుసు, అన్నీ. ఆమె మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"మిల్లుకు పోయొస్తి అంటివే."

నేను తల దించుకున్నాను. ఆమె పళ్లెం నా ఒళ్లోకి తోసింది.

"నువ్వు తిన్యావా ఇవి?"

"లేదక్కా. షుగరు..."

"తిను."

తీసుకుని కొరికాను. పైన తీపి, యాలకులు. లోపలి నుంచి ఎవరెవరో తిన్న ఎంగిలి పళ్లేలు కడిగిన నీళ్ల లాంటి రుచి నాలుక మీదికి జారింది. దవడలు ఆడనంటున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపు కాదు, వాంతిని ఆపుకుంటే వచ్చినవి. ఎట్లాగో మింగాను. చేయి తుడుచుకోబోయాను.

"ఇంగోటి," అంది అక్క. "నేను రెండు తిన్యా."

రెండోది కూడా తిన్నాను. ఆఖరి ముక్క గొంతు దిగేదాకా ఆమె నా నోటి వైపే చూస్తూ ఉంది. అప్పుడు లేచి, మిగిలినవి చెత్త బకెట్లో వేసి, పెరట్లో కొళాయి దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే పోయాను. ముందు ఆమె చెంబులో నీళ్లు పట్టుకుని పుక్కిలించి ఉమ్మింది. మళ్లీ నీళ్లు నింపి ఆ చెంబు నా చేతికిచ్చింది.