అత్తమ్మ ముందు, మేము వెనక

నా చిన్నప్పుడు మా నర్సంపేట వీధిలో సముద్రం చూసినవాళ్ళెవరూ లేరు. చెరువు నిండి మత్తడి పొంగిపోస్తే ఊరంతా వెళ్ళి చూసొచ్చి, వారం రోజులు ఆ ముచ్చటే చెప్పుకునేవాళ్ళం. అటువంటి చోట మా మామయ్య, పెళ్ళై ఏడాదైనా తిరగకముందే, మా మేనత్తను జీపులో సముద్రానికి తీసుకుపోతానన్నాడు. ఇంట్లో ఒకటే గోల. కొత్త జంట ఒంటరిగా అంత దూరమేమిటని మా నానమ్మ నన్ను తోడు పంపింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎవరికి కాపలా కాస్తుందనుకుందో ఆమెకే తెలియాలి. నేను మాత్రం సంతోషంతో గాల్లో తేలిపోయాను.

మామయ్య ఊరూరా తిరిగి పొలాల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ జీపు కూడా ఎవరో పనికిరాదని వదిలేస్తే ఆయన బతికించిందే. దాని తలుపొకటి సరిగ్గా పడదు, తాడుతో కట్టేవాడు. ఆ తాడు పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగం. దారిలో ఎక్కడ పడుకుంటారని మా నాన్న అడిగితే, ఇంజన్ ఆగిపోయిన పొలం ఏదో ఒకటి దొరక్కపోదన్నాడు.

అత్తమ్మకు చిన్నతనంలో జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఒక పక్కకు ఒరిగి మెల్లగా నడిచేది. జాతరకు పోయినా, నాట్లకు పోయినా ఆమె అందరికన్నా వెనక. ఆమె చేరుకునేసరికి మిగతావాళ్ళు చూసేసి తిరిగొస్తుండేవాళ్ళు. ఎట్లుంది, ఏముంది అని ఎదురొచ్చినవాళ్ళను నవ్వుతూ అడిగేది. పాపం, లోకాన్ని సగం వాళ్ళ మాటల్లోనే చూసింది.

మొదటిరోజు సత్తుపల్లి దాటాక మామయ్య అన్నట్టే జరిగింది. ఒక పొలంలో ఇంజన్ మొరాయించి, రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. మామయ్య చొక్కా విప్పి పనిలోకి దిగాడు. పొద్దు వాలేలోపు నీళ్ళు దుమికాయి. ఇక ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని కదలనిస్తేనా! చేను మధ్యలో ఉన్న వాళ్ళ ఇంటికి సన్నటి గట్టు మీద ఒకరి వెనక ఒకరం నడిచాం. అందరికంటే ముందు వాళ్ళింటి ముసలమ్మను నడిపించారు. నెత్తిన గడ్డిమోపులున్న కొడుకులు సైతం ఆమె అడుగులు చూసుకుంటూ వెనకే నడిచారు. నేను దాటిపోదామని చూస్తే మామయ్య నా జడ పట్టుకుని ఆపాడు. ఆ ముసలమ్మనే చూస్తూ ఏదో ఆలోచనలో పడ్డాడు. వేడి అన్నం, గోంగూర తిని గడ్డివాము పక్కన మంచాల మీద పడుకున్నాం. మర్నాడు తుని అవతల ఒక మామిడితోటలో మకాం. పుల్లటి పచ్చికాయలు ఉప్పూకారంతో తిని తిని నా పళ్ళు పులిశాయి.

ఆ మర్నాడు భీమిలి దగ్గర ఒక కొండకు ఇవతల జీపు ఆగింది. సముద్రం అవతల ఉంది. హోరు వినిపిస్తోంది, గాలి ఉప్పగా తగులుతోంది, కానీ ఏమీ కనిపించదు. నేను ఆగలేక గెంతుతున్నాను. అత్తమ్మ కొండకేసి చూసి, కాలు చూసుకుని, ఎప్పుడూ అనే మాటే అంది. "మీరు పోయి రాండ్రి. నేను ఈడ్నే కూసుంట. వచ్చినంక ఎట్లుందో చెప్పుండ్రి."

మామయ్య బుర్ర గోక్కున్నాడు. "నాకు ఎత్తంటే కండ్లు తిరుగుతయ్. ఎవరన్న ముందు నడిస్తెనే ఎక్కుత. నువ్వు ముందు నడువు, నీ ఎనక నేనొస్త."

తాడు పట్టుకుని లోతైన బావుల్లోకి దిగే మనిషికి కళ్ళు తిరగడమేమిటి! ఆ మాటే అనబోయాను. మామయ్య నాకేసి గుడ్లురిమాడు.

అత్తమ్మ ముందు, నేను మధ్యన, మామయ్య చివర. దారికి రెండు పక్కలా ముళ్ళపొదలు, దాటిపోవడానికి సందు లేదు. ఆమె ఎంత మెల్లగా నడిస్తే మేమూ అంతే. ఆమె కాలు నొప్పితో తడబడినప్పుడల్లా, ముందుగా మామయ్యే రొప్పుతూ జర ఆగమని బతిమాలేవాడు. గింతకే గింత ఆయాసమా అని ఆమె ఆయన్ను ఎగతాళి చేసేది.

సగం దూరంలో రాళ్ళు జారి అత్తమ్మ చతికిలబడింది. ఇక నాతో కాదు, దిగిపోదామంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామయ్య చెయ్యి పట్టి లేపుతాడనుకున్నాను. ఆయన కూడా నా వెనక ఉన్నచోటే కూర్చున్నాడు. "దిగుదాం తియ్యి. కాని అవుతల ఏమున్నదో మనకెవలు చెప్తరు? ముగ్గుర్ల ఎవ్వలం చూడలే."

ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది. కొంగు నడుముకు బిగించి లేచింది.

కొండ కొసన ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకున్న మాకు ఆమె వీపు, గాలికి కొట్టుకుంటున్న కొంగు తప్ప ఏమీ కనిపించలేదు. ఏం కనబడుతోందని మామయ్య అడిగాడు. చెప్పు అత్తమ్మా, చెప్పు అని నేను కేకలు పెట్టాను. అప్పటిదాకా అందరినీ అడగడమే తెలిసిన మా అత్తమ్మను మొదటిసారి మేము అడుగుతున్నాం.

"జర ఆగుండ్రి. నన్ను చూడనియ్యుండ్రి," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. అవతలి ఒడ్డే లేదట, ఎటు చూసినా నీళ్ళేనట, పడవలు గురిగింజలంత ఉన్నాయట. ఆమె పక్కకు జరిగేదాకా నేను ఆమె మాటల్లోనే సముద్రం చూశాను. తర్వాత పొద్దుగూకేదాకా ఒడ్డు వెంట నడిచాం, అదే వరుసలో.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నేను టీచరుగా పనిచేసినన్నాళ్ళూ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా అందరికన్నా మెల్లగా నడిచే బిడ్డను ముందు నిలబెట్టాను. ఇప్పుడు నా మోకాళ్ళే మొరాయిస్తున్నాయి. హసన్‌పర్తి చెరువు దగ్గర పొద్దున నడకకు వెళితే మా ఆయన వెనకే వస్తారు. పొడుగు కాళ్ళాయనకు అది కష్టమే, అయినా ఈ కథ విన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నన్ను దాటలేదు.

రేపు మేమిద్దరం కారులో బయలుదేరుతున్నాం. దారిలో పొలాల్లో బస, మా అమ్మాయి ఫోనులోనే బుక్ చేసింది. పొలంలో పడుకోవడానికి బుకింగా అని మామయ్య ఉంటే పడీ పడీ నవ్వేవాడు. చివరికి ఆ కొండే. సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టేశాను, నా ఆత్రం చూసి మా ఆయన ఆటపట్టిస్తున్నారు. పట్టించనీ. కొండ కొసన ఆయన నా వెనక నిలబడి ఏం కనబడుతోందని అడగాలి. జర ఆగండి, నన్ను చూడనివ్వండి అంటాను.