ముట్టుకోని మెకానిక్

పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటర్లు బాగుచేసే జోగులుకి ఒకే ఒక్క జబ్బు. కంప్యూటర్ ముట్టుకోడు. తెచ్చినవాళ్ళ చేతే రిపేరు చేయించి, తను కుర్చీలో కూర్చుని తిడతాడు.

ఓసారి ఒక పెద్ద ఆఫీసరు ప్రింటరు తెస్తే, ఆయన చేతికే స్క్రూడ్రైవరిచ్చాడు. ఆయన ముఖమంతా సిరాతో ఇంటికెళ్తే భార్య గుర్తుపట్టక తలుపు తియ్యలేదట.

ఇవన్నీ తెలిసి కూడా కమలాకుమారి టీచరు అతని కొట్టుకే రావాల్సి వచ్చింది. ఖర్మ! ఎక్కడో చివరి దీవిలో ఉన్న కాంప్‌బెల్ బేకి బదిలీ అయింది, సాయంత్రమే ఓడ. లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని నిన్న దాన్ని నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించుకుంది. ఇవాళ ఆన్ చేస్తే నల్లటి తెర, మూల మిణుకుమనే తెల్లగీత, అంతే. తెలుగు గలగలా మాట్లాడుతూ, అక్షరం చూస్తే తెల్లమొహం వేసే ఇక్కడి పిల్లల కోసం ఏళ్ళ తరబడి తయారుచేసిన బొమ్మల పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

"జోగులు భయ్యా, జల్దీ చూడు. ఓడ వెళ్ళిపోద్ది."

"నానేటి చూసేది? నువ్వే చూడు. కూకో దీదీ."

"నాకొస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

"రాదు కాబట్టే కూకోమన్నాను. దేంతో ఎక్కించావ్?"

"చాతం దీవిలో మా పిన్ని కొడుకు మణికుమార్ ఉన్నాడుగా, వాడి పెన్‌డ్రైవ్‌తో."

సముద్రం కింది కేబుల్ తెగినప్పుడల్లా నెట్ పడుకునే ఊళ్ళో అంత పెద్ద ఫైలు ఎవరు దింపుకుంటారు? అందుకే ఒక్క పెన్‌డ్రైవే చేతులు మారుతూ ఊరంతా తిరుగుతుంది.

"ఏదది?"

"పనైపోయిందని పొద్దున్నే ఇచ్చేశాను. వాడు ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి, బాంబూఫ్లాట్ వెళ్ళాడు."

జోగులు నెత్తి బాదుకున్నాడు. "అరే భగవాన్! ఎక్కించేటప్పుడు, లాప్‌టాప్‌ని నిద్రలేపే ప్రోగ్రాం ఏ డిస్కులో పెట్టాలని అడిగుంటాది. ఏది నొక్కావ్?"

"మొదట ఏది కనిపిస్తే అది."

"అదే పెన్‌డ్రైవ్! లేపేవాణ్ణి ఫెర్రీ ఎక్కించి, ఇది లెగట్లేదని నా మీద పడతావేటి?"

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. "నా పాఠాలు పోయినట్టేనా?"

"లోపలే ఉన్నాయి. కొట్టు!" మెడలో తాడుకి వేలాడే తన పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పడేశాడు.

అతను చెప్పడం, ఆవిడ కొట్టడం. కీబోర్డు కాదు, జోగులు నెత్తే అనుకుని కొట్టింది.

"స్పేస్! అక్కడ స్పేస్ ఇవ్వు! పిల్లలకి ఇలాగే చెప్తావా పాఠాలు?"

మళ్ళీ నల్లతెర. ఆవిడ కుర్చీ తన్ని లేచింది. "నీ చేతులకేం రోగమయ్యా? నువ్వోసారి కొడితే అయిపోద్ది కదా!"

"మళ్ళీ మొదట్నించి," అన్నాడు జోగులు, చేతులు వెనక్కి కట్టుకుని.

అవతల ఓడ టైము దగ్గర పడుతోంది. పళ్ళు నూరుతూ మళ్ళీ కొట్టింది. ఈసారి తెర వెలిగింది. పాఠం తెరిస్తే, 'ప' పక్కన ఎర్రటి పీత గోళ్ళెత్తి కనిపించింది. సంతోషంతో అరవబోయి, కోపంగా ఉన్నానని గుర్తొచ్చి ఆగింది.

"చిటికెలో అయ్యే పనికి ఇంత ఏడిపిస్తావా? నువ్వసలు మనిషివేనా?"

జోగులు మొదటిసారి గొంతు తగ్గించాడు. "దీదీ, అక్కడ ఇది మళ్ళీ పడుకుంటే నన్నెక్కడ వెతుక్కుంటావ్? ఓడ దొరికి నువ్వొచ్చేదాకా పిల్లలు ఉత్తినే కూకుంటారు."

వచ్చినవాళ్ళందరినీ ఇతను ఎందుకు కూర్చోబెడతాడో కమలాకుమారికి అప్పుడర్థమైంది. తిట్టడానికి దాచిపెట్టుకున్న మాటలన్నీ మింగేసింది.

"ఈ పెన్‌డ్రైవ్ నువ్వే ఉంచుకో," అని వెంటనే గొంతు పెంచాడు. "దీన్ని కూడా ఎవడికో ఇచ్చి ఫెర్రీ ఎక్కించావో, ఊరుకోను!"

కాంప్‌బెల్ బేలో చేరిన కొన్నాళ్ళకే హెడ్మాస్టరు సాంబశివరావు గారి కంప్యూటర్ పడుకుంది. ఆయన దాన్ని మోసుకొచ్చి, "మీకొచ్చటగా టీచర్, కాస్త చూసిపెట్టండి," అన్నారు.

కమలాకుమారి మెడలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేనేంటండీ చూసేది? కూర్చోండి, కొట్టండి. స్పేస్! అక్కడ స్పేస్ ఇవ్వండి!"