గ్రహణాల పాఠం

పరీక్షల రోజుల్లో పుస్తకం మూసిన కాసేపూ ఫోన్‌లో తెలుగు పాడ్‌కాస్టులు వినేదాన్ని. ఆ రోజు మా తమిళ ప్రాంతంలో పాపారపట్టి వెళ్లే బస్సులో ఉండగా గ్రహణాల పాఠం వస్తోంది. ఇయర్‌ఫోన్ పాడవడంతో ఫోన్ చెవికి ఆనించుకున్నాను. పక్కన సిమెంటు మరకల చీరతో కూర్చున్నామె నా మీదికి ఒరిగింది. సంచీ మీద కన్నేసిందనుకుని జిప్పు గట్టిగా పట్టుకున్నాను. మళ్లీ ఒరిగింది. జరిగి కూర్చోమని తమిళంలో కసిరాను.

ఆమె తెలుగులో అంది: "కోపం చేసుకోవద్దు పాపా. మన మాట ఇంట్లో మాట్లాడేకే అనుకొంటిని. దాంట్లో పాఠం గూడా చెప్తారా?"

ఫోన్ మా ఇద్దరి మధ్యా పెట్టి సౌండు పెంచాను. జిప్పు మీద చెయ్యి మాత్రం తీయలేదు. ఆమె ఆ చేతిని ఒకసారి చూసింది. తన రెండు చేతులూ ముందు సీటు కమ్మీ మీద పెట్టుకుని, దిగేదాకా అలాగే విన్నది.