పాలు కొలుస్తూ చెప్పిన సగం పాఠం

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మాది బర్రెల కొట్టం ఉన్న పాల ఇల్లు. ఆ ఇంట్లోంచి డిగ్రీ చదివి టీచరమ్మ అయింది నేనొక్కదాన్నే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా గల్లీ చివరి ప్రైవేటు బడిలో పదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. జూన్‌లో పుస్తకాలు రాగానే మానవ పరిణామం పాఠానికి పిల్లలచేత పెన్సిలుతో అడ్డగీత కొట్టించేవారు. గీత పడిన పాఠం చెప్పకూడదు. మనిషి కోతి నుంచి వచ్చాడని చెప్తే తల్లిదండ్రులు గొడవ చేస్తారని భయం. ఆ ఏడు నేను గీత కొట్టించలేదు.

పాఠం మొదలుపెట్టిన రోజే బడి నడిపే సారు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆయన లెక్కల మాస్టారు, పరీక్షల్లో కాపీ పట్టడంలో దిట్ట. నాకు ఒళ్లు మండింది. ఆయన్నే అడిగాను.

"సార్, ఇద్దరు ఒక్కదాంట్లనే చూసి రాసిన్రని ఎట్ల పట్టుకుంటరు?"

"సరైన జవాబు ఎవలైనా రాస్తరమ్మా. ఒక్కటే తప్పు రెండు పేపర్లల్ల ఒక్కటే తాన ఉంటే దొరికినట్టే."

"గదే సార్," అన్నాను. మా బర్రెలు విటమిన్ సి ఒంట్లోనే తయారు చేసుకుంటాయి, వాటికి నిమ్మకాయ అక్కర్లేదు. దాన్ని తయారుచేసే జన్యువు మనలోనూ ఉంది గానీ పాడైపోయింది. చింపాంజీలోనూ అదే జన్యువు అదే చోట పాడైంది, రెండు పేపర్లలో ఒకే తప్పులాగా. "కోతి మన తాత కాదు సార్. కోతికి, మనకు తాత ఒక్కడే."

పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు.

"లొల్లి అయితే బడి మూసుకోవాలె. రేపటి నుంచి రాకమ్మా."

"పాఠం సగమే అయింది సార్."

"అయిన కాడికి చాలు."

ఉద్యోగం పోయిందన్న బాధకన్నా ఆ మిగిలిన సగమే గుచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే గల్లీవాళ్లు గిన్నెలతో పాలకొచ్చారు. వాళ్లలో నా క్లాసు ఆడపిల్లలు ఆరుగురు. పాలు పోస్తున్న మా బాపు చేతిలోంచి లీటరు కొలత లాక్కున్నాను.

"టీచర్, మిగిలిన పాఠం?" అడిగిందొక పిల్ల.

"చెప్పులిడిచి గా బురదల అడుగెయ్యి."

వేసింది. పడిన అచ్చులో కాలి బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ముందుకు ఉంది. చింపాంజీకైతే చేతి బొటనవేలిలా పక్కకు ఉంటుంది. లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం బూడిదలో పడి రాయైపోయిన అడుగులు ఆఫ్రికాలో దొరికాయనీ, వాటిలోనూ బొటనవేలు ముందుకే ఉందనీ చెప్పాను. అలా నడిచినవాళ్ల పుర్రెలు మాత్రం చిన్నవి. ముందు నడక వచ్చింది, పెద్ద మెదడు తర్వాతే.

వరస చివర సారు నిలబడి ఉన్నారు, చేతిలో స్టీలు క్యాను; వాళ్లింటికీ మా పాలే. బాపు నా వైపు వంగాడు.

"బిడ్డా, సారొచ్చిండు. జర ఆపు."

"లైన్ల ఉండనీ బాపు."

ఆపలేదు. ఆయన వంతు వచ్చేసరికి పాఠం పూర్తయింది. పాలు కొలిచి పోశాను. ఆయన క్యాను మూత పెట్టుకుని, బురదలోని ఆ అడుగును తొక్కకుండా పక్కనుంచి వెళ్లిపోయారు.