ఇరవై నాలుగు మాటల కట్ట

మొన్న ఆదివారం హోట్గి రోడ్డులోని మా ఇంట్లో అల్మారా సర్దుతుంటే, పుస్తకాల వెనక దారంతో కట్టిన ఒక చిన్న కట్ట చేతికి తగిలింది. గుప్పిట్లో ఇమిడేంతే ఉంది. విప్పకుండానే అదేమిటో గుర్తుపట్టాను. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తల తిప్పి చూసి, "లెక్కవెట్టకు బిడ్డా, ఇరువై నాలుగే ఉంటయ్" అన్నది.

ఆ కట్ట కట్టిన రోజుల్లో మేము బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండేవాళ్లం. నాన్న కుంఠా నాకాలో మరమగ్గం నడిపేవారు. అమ్మ ఇంట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టేది. మా ఇంట్లో బి.ఏ. పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఉపాధ్యాయురాలి ఉద్యోగానికి మౌఖిక పరీక్షకు పిలుపు వచ్చింది. అంతకుముందు మరో బడిలో ఇలాంటి పరీక్షలోనే నోట మాట రాక తిరిగి వచ్చాను. ఈసారీ అంతే అయితే అమ్మతో పాటు బీడీలు చుట్టవలసిందేనని ఎవరూ అనలేదు. నా కోసం రెండో చాట మాత్రం కొని గోడకు ఆనించారు.

పరీక్షలో మాటల అర్థాలు అడుగుతారని, ఆ చాటను చూస్తూనే కాగితపు ముక్కల మీద మాటలు రాసుకునేదాన్ని. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు నిర్వచనం, దాని కింద పర్యాయపదం, వ్యతిరేకపదం. సన్నని వస్తువేదైనా ఇరవై ఐదేసి లెక్కన కట్టడమే మా ఇంటి అలవాటు కనుక, ఆ ముక్కలనూ చుట్టి బీడీ దారంతోనే కట్టేదాన్ని. ఫలితంగా ఒక పొద్దున అమ్మ బుట్టలో బీడీ కట్టలతో పాటు నా మాటల కట్ట కూడా కార్ఖానాకు వెళ్లిపోయింది. అక్కడి చెకర్ ప్రతి కట్టనూ బొటనవేలితో నొక్కి, గుల్లగా తగిలినదాన్ని పీకి నలిపి పారేస్తాడు. అలవాటు కొద్దీ నా కట్టలోంచీ ఒకటి పీకి నలిపి కిటికీలోంచి పడేసి, ఆ తరువాత చూశాడట.

"అక్కా, దీంట్ల తంబాకు కమీ కాదు, అస్సలుకే లేదు!"

వరుసలోని ఆడవాళ్లందరూ నవ్వినా అమ్మ తగ్గలేదట. "అది నా బిడ్డ కట్టిన మాల్. నీకు సమజ్ కాదు, ఇటియ్యి."

ఇంటికి వచ్చి కోప్పడుతుందనుకున్నాను. ఆమె తాపీగా కూర్చుని, "ఇగ నేను చెక్ చేస్త, చెప్పు" అంటూ కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చింది. అది 'ప్లయబుల్'. నేను నిఘంటువును తలదన్నేలా అప్పజెప్పాను: బాహ్యబలానికి లోబడి, భంగం చెందక, ఆకృతిని మార్చుకొనగల స్వభావము.

అమ్మ బొటనవేలు గాలిలోనే నొక్కింది. "గుల్ల ఉన్నది. ఇంకోటి చెప్పు."

నా చూపు తడి గోనెపట్టలో చుట్టిన ఆకు మీద పడింది. "నానవెట్టిన తునికాకు లెక్కమ్మా. మలిస్తే వంగుతది గాని పలుగది."

"గట్ల చెప్పు. దాని సోపతి ఎవలు?"

"సప్ల్."

"పగోడు?"

"బ్రిటిల్. నానవెట్టని ఆకు. ముట్టుకుంటేనే పలుగుతది."

"పాస్," అని దాన్ని పక్కన పెట్టింది.

పరీక్ష దాకా ప్రతి మధ్యాహ్నం అదే పద్ధతి. అక్షరం రాని ఆ పరీక్షకురాలికి అర్థమయ్యేదాకా ఏ మాటా తిరిగి కట్టలోకి వెళ్లలేదు. చివరకు బడిలో అడిగిన మాటల్లో నా కట్టల్లోవి తక్కువే. తెలియనిదాన్ని తెలియదన్నాను; తెలిసినదాన్ని చాట ముందు కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పాను. ఎదుట ఉన్న ముగ్గురిలో ఒకావిడ రాయడం ఆపి విన్నది. ఉద్యోగం వచ్చింది. ఆ రెండో చాటలోనే అమ్మ మొన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

కట్ట విప్పి ఇరవై నాలుగూ చదివాను. అన్నీ తరగతిలో తరచూ చెప్పే మాటలే. కిటికీలోంచి పోయినదేదో మాత్రం గుర్తురాలేదు. ఇన్నేళ్లలో అదీ ఎక్కడో ఎదురయ్యే ఉంటుంది, దాని అర్థం ఏ పిల్లకో చెప్పే ఉంటాను. అదే ఆ మాట అని గుర్తుపట్టకుండానే సగం ఆయుష్షు గడిచిపోయింది.